ఉర్దూ రానివాళ్లకు గజల్: ఒక్కదాన్ని పూర్తిగా పట్టుకునే పద్ధతి

గజల్ వింటుంటే ఏదో లాగుతోంది, మాటలు మాత్రం అందడం లేదు. అనువాదం చదివితే అందులో విశేషమేమీ కనిపించదు. తరచూ వచ్చే ప్రశ్న ఇదే: ఉర్దూ నేర్చుకోకుండా గజల్‌ను సరిగ్గా వినడం ఎలా?

వీలవుతుంది. ఉర్దూ మొత్తం అక్కర్లేదు, లిపి అసలే అక్కర్లేదు. ఒక్క గజల్‌ను ఎంచుకుని, వరస తప్పకుండా దాని మీద 7 విడతలు కూర్చోవాలి. విడతకు 30–40 నిమిషాలు చాలు. వరసలో ముఖ్యమైన సంగతి ఒకటే: ముందు చెవి, ఆ తర్వాత చేయి, చివరికి అర్థం. చాలామంది దీన్ని తిరగేస్తారు, అక్కడే చెడుతుంది.

1. ముందుగా తెలియాల్సిన ఐదు మాటలు

షేర్: రెండు పాదాల ముక్క. ఒక్కో పాదాన్ని మిస్రా అంటారు.

రదీఫ్: ప్రతి షేర్ చివరా మారకుండా వచ్చే మాట లేదా మాటలు.

కాఫియా: రదీఫ్‌కు సరిగ్గా ముందు వచ్చే ప్రాసమాట. ఇది షేర్ షేర్‌కూ మారుతుంది, చివరి శబ్దం మాత్రం ఒకటే.

మత్లా: మొదటి షేర్. ఇందులో రెండు పాదాలూ కాఫియా, రదీఫ్‌లతోనే ముగుస్తాయి. మిగతా షేర్లలో రెండో పాదానికే ఆ నియమం.

మక్తా: కవి తన కలం పేరు పెట్టే చివరి షేర్.

తెలుగు పద్యానికి అలవాటుపడ్డ చెవి ప్రాస కోసం పాదంలో రెండో అక్షరం దగ్గర కాచుక్కూర్చుంటుంది. ఇక్కడ ఆ కాపలాను పాదం చివరికి మార్చుకోవాలి.

2. గజల్ ఎంపిక

ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా వృథా. క్యాసెట్ల కాలం నుంచీ ‘గజల్స్’ పేరుతో అమ్మినవాటిలో నజ్మ్‌లు (ఒకే విషయం మీద సాగే కవితలు), గీతాలు కూడా కలిసిపోయి ఉంటాయి. వాటిలో రదీఫ్ వెతికితే దొరకదు.

ఎంచుకునే ముందు చూసుకోండి:
☐ మొదటి రెండు పాదాలూ ఒకే మాటతో ముగుస్తున్నాయా?
☐ పాదం పొట్టిగా, ఒక్క ఊపిరిలో చదివేలా ఉందా?
☐ కనీసం ఇద్దరు గాయకులు వేర్వేరు బాణీల్లో పాడారా?
☐ పూర్తి పాఠం దొరుకుతోందా? (రేఖ్తా వెబ్‌సైటులో దేవనాగరిలోనూ ఉంటుంది, మాట మీద నొక్కితే అర్థం వస్తుంది.)
☐ రికార్డింగు 8 నిమిషాల లోపేనా?

మెహదీ హసన్ కచేరీ రికార్డింగులతో మొదలుపెట్టొద్దు. అవి గొప్పవే, కానీ ఒక్క పాదాన్ని ఆయన నిమిషాల తరబడి విస్తరిస్తుంటే కొత్తవాళ్లకు పాదం ఎక్కడ ముగిసిందో తెలియదు.

ఈ వ్యాసంలో నమూనాగా గాలిబ్ (1797–1869) రాసిన ఒక గజల్‌ను తీసుకుందాం. మత్లా ఇది:

దిల్-ఎ-నాదాఁ తుఝే హువా క్యా హై
ఆఖిర్ ఇస్ దర్ద్ కీ దవా క్యా హై

పాఠంలో 11 షేర్లున్నాయి. 1954 నాటి సినిమాలో సురయ్యా, తలత్ మహమూద్ పాడిన రూపం ఒకటి, 1988 టీవీ ధారావాహిక కోసం జగ్‌జీత్ సింగ్ కట్టిన బాణీ మరొకటి. పై పరీక్షలన్నీ నెగ్గే గజల్ ఇది.

3. సరంజామా

రూళ్లు లేని నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు. వంటింట్లో, బస్సులో వినొద్దు. వినోదానికైతే సరే, ఈ పనికి మాత్రం పనికిరాదు. మనం వెతికేవి ఊపిరితో పలికే సన్నటి హల్లులు, చుట్టూ చప్పుడుంటే మొదట మాయమయ్యేవి అవే.

విడతల లెక్క:
☐ 1: వినడం మాత్రమే
☐ 2: శబ్దాలు
☐ 3: తెలుగు లిపిలో రాయడం, నడక
☐ 4, 5: అర్థం
☐ 6: తాళం
☐ 7: రెండో గాయకుడు

4. మొదటి విడత: అర్థం జోలికి పోకండి

వరసగా మూడుసార్లు వినండి. పాఠం చూడొద్దు.

మొదటిసారి ‘క్యా హై’ వినపడ్డప్పుడల్లా వేలెత్తండి. రెండోసారి ‘క్యా హై’ కి ముందున్న మాట మీద దృష్టి పెట్టండి: హువా, దవా... అన్నీ ‘ఆ’ తో ముగుస్తున్నాయని తెలిసిపోతుంది. మూడోసారి రెండో పాదం నడుస్తుండగానే ‘ఇదిగో ఇప్పుడు ఆ-కారంతో ఒక మాట పడుతుంది’ అని ముందే కాచుకోండి.

ఆ కాచుకోవడమే గజల్ వినికిడికి ఆయువుపట్టు. గాయకులు మొదటి పాదాన్ని రెండు మూడుసార్లు పాడి నానబెట్టేది అందుకే. ఏ మాట వస్తుందో తెలియదు, ఏ శబ్దం వస్తుందో తెలుసు. ఈ సగం ఆనందానికి భాష అవసరమే లేదు. అనువాదం ముందే చదివేస్తే ఇది పోతుంది, మళ్లీ తెచ్చుకోవడం కష్టం.

ముగించే ముందు చూసుకోండి:
☐ రదీఫ్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తేలిందా? (పునరుక్తులు తీసేసి)
☐ కనీసం మూడు కాఫియాలు చెవికి అందాయా, తప్పుగానైనా సరే?

5. రెండో విడత: తెలుగు లిపి దాచేసే శబ్దాలు

మన లిపి ఐదు చోట్ల మోసం చేస్తుంది. ఒకే అక్షరం కింద రెండేసి శబ్దాలు దాక్కుంటాయి, అర్థాలు తలకిందులవుతాయి.

జ: నాలుక అంగిలికి తగిలితే ‘జలీల్’ అంటే గౌరవనీయుడు. తేనెటీగ జుమ్మన్నట్టు పళ్ల మధ్య గాలి రాసుకుంటూ పలికితే ‘జలీల్’ అంటే అవమానం పాలైనవాడు.

ఖ: మామూలు ఒత్తు ఖ తో ‘ఖానా’ తిండి. గొంతులో గరగరలాడే ఖ తో ‘ఖానా’ ఇల్లు. మన దవాఖానాలో ఉన్నది ఈ రెండోదే, మందుల ఇల్లు.

క: ‘కమర్’ నడుము. కొండనాలుక దగ్గర నుంచి లోతుగా పలికితే చందమామ.

గ: ‘గుల్’ పువ్వు. గొంతులో పుక్కిలించినట్టు పలికితే గోల.

ఫ: పెదవులు కలిపి పలికే ‘ఫన్’ పాము పడగ. కింది పెదవిని పళ్లకు ఆనించి ఊదితే కళ.

చేయాల్సిన పని చిన్నదే. ఊదే జ, గరగర ఖ, లోతు క, పుక్కిలి గ, పళ్ల ఫ ఎక్కడొచ్చినా రాతలో ఆ అక్షరం కింద ఎర్ర గీత గీయండి. మన నమూనా మత్లా రెండో పాదంలో ‘ఆఖిర్’ లోని ఖ కింద గీత పడాలి. తర్వాతి షేర్లో ‘బేజార్’ లోని జ కింద కూడా.

6. మూడో విడత: రాత, నడక

ఇప్పుడు పాఠం తెరిచి మీ చేత్తో తెలుగులో రాసుకోండి. కాపీ కొట్టి అతికించొద్దు. చేయి ఆగిన ప్రతిచోటా చెవి ఏదో ఒకటి వదిలేసిందని అర్థం.

మూడు నియమాలు:

ముక్కులో పోయే న్ కు అరసున్న వాడండి: నాదాఁ, నహీఁ, మైఁ. పాత పుస్తకాల్లో మనం పలకకుండా వదిలేసే ఆ గుర్తుకు ఇక్కడ నిజంగానే పని దొరుకుతుంది.

మధ్యలో వచ్చే ‘ఎ’ ను గీతల మధ్య పెట్టండి: దిల్-ఎ-నాదాఁ. దీన్ని ఇజాఫత్ అంటారు. ఇది తెలుగు వరసను తిప్పేస్తుంది. మనం ‘తెలియని మనసు’ అంటే వాళ్లు ‘మనసు-ఎ-తెలియని’ అంటారు. ‘దర్ద్-ఎ-దిల్’ కనిపిస్తే వెనక నుంచి చదవండి: మనసు నొప్పి.

హల్లుతో ముగిసిన మాట పక్కన అచ్చు వస్తే కలిపి పలకండి. ‘ఆఖిర్ ఇస్’ నోట్లో ‘ఆఖిరిస్’ అవుతుంది. మనకిది సంధే, కొత్తేమీ కాదు.

ఇక నడక. దీన్ని బెహర్ అంటారు. గురులఘువులు తెలిసినవాళ్లకు ఇది పావుగంట పని. మన గజల్ పాదం ఇలా ఉంటుంది:

గు ల గు గు / ల గు ల గు / గు గు

రెండో పాదాన్ని విడదీస్తే: ఆ-ఖి-రిస్-దర్ / ద్-కీ-ద-వా / క్యా-హై.

మొదటి పాదం ‘దిలె నాదాఁ’ అని లఘువుతో ఎత్తుకుంటుంది. మొదటి గురువు స్థానంలో లఘువు రావడానికి ఈ నడకలో ఒప్పుదల ఉంది.

పైన ‘ద్’ ఒంటరిగా ఒక లఘువు స్థానాన్ని తీసుకుంది చూశారా? తెలుగు ఛందస్సులో పొల్లుకు విడిగా లెక్క లేదు. ఇక్కడ ‘దర్ద్’ అంటే గురువు, లఘువు. ‘జాన్’ కూడా అంతే: జా గురువు, న్ లఘువు. తెలుగువాళ్ల నాలుక ‘దర్దు’, ‘జాను’ అని ఉకారం తగిలిస్తుందని నవ్వుతారు గానీ, కాలం లెక్కలో ఆ నాలుక తప్పు చేయడం లేదు. అచ్చును తీసేసి, అది పట్టిన సమయాన్ని మాత్రం అలాగే ఉంచండి. చదువు వెంటనే బాగుపడుతుంది.

7. నాలుగు, ఐదు విడతలు: అర్థం

ముందు నిఘంటువు వద్దు. ఉర్దూ, తెలుగు రెండింటికీ ఉన్న మాటల చుట్టూ నీలం గీత గీయండి. మన గజల్లో ఆఖిర్, దవా, బేజార్, హంగామా, సబ్జా, సుర్మా, హవా ఇట్టే దొరుకుతాయి. తెలంగాణవాళ్లకు దిల్, దర్ద్, మౌజూద్, ముఫ్త్ లాంటివి ఇంకా కొన్ని కలుస్తాయి.

కానీ చుట్టరికం ఉన్నంత మాత్రాన అర్థం ఒకటే కాదు. తరచూ దెబ్బతీసేవి:

- షికారు: మనకు సరదా తిరుగుడు, అక్కడ వేట.
- సవాలు: మనకు పోటీకి పిలుపు, అక్కడ ప్రశ్న.
- మతలబు: మనకు లోపలి ఎత్తుగడ, అక్కడ అర్థం, ఉద్దేశం.
- ఫిర్యాదు: మనకు పోలీసుస్టేషన్లో ఇచ్చేది, అక్కడ గుండెలోంచి వచ్చే మొర.
- హవా: మనకు ఎన్నికల్లో వీచేది, అక్కడ ఉత్త గాలి.
- సబ్జా: మనకు షర్బత్‌లో వేసే గింజలు, అక్కడ పచ్చదనం.

ఆ తర్వాత ప్రతి షేర్ కింద రెండు వరసలు రాయండి. ఒకటి, ఉర్దూ వరసలోనే మాటకు మాట. రెండు, ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒక వాక్యం. ‘హృదయమా’, ‘ఔషధము’ లాంటి గ్రాంథికం దగ్గరికి రానీయొద్దు. గాలిబ్ ఇక్కడ అతి మామూలు మాటలు వాడాడు.

ఓ వెర్రి మనసా, నీకేమైంది?
ఇంతకీ ఈ నొప్పికి మందేమిటి?

‘ఆఖిర్’ ను ‘చివర’ అని రాసుంటే షేర్ చచ్చిపోయేది. ‘ఇంతకీ’ లోని విసుగే దాని అర్థం.

ఇప్పుడు రదీఫ్‌ను మళ్లీ చూడండి. అదే ‘క్యా హై’ మొదటి పాదంలో ‘ఏమైంది’, రెండో పాదంలో ‘ఏమిటి’. ఇంకో షేర్ ఇలా ఉంటుంది:

హమ్ కో ఉన్ సే వఫా కీ హై ఉమ్మీద్
జో నహీఁ జాన్తే వఫా క్యా హై

‘నమ్మికంటే ఏమిటో తెలియనివాళ్ల దగ్గర నేను నమ్మిక ఆశిస్తున్నాను.’ ఇక్కడ ‘క్యా హై’ ‘అంటే ఏమిటో’ అయింది. మక్తాలో:

మైఁనే మానా కి కుఛ్ నహీఁ గాలిబ్
ముఫ్త్ హాథ్ ఆయే తో బురా క్యా హై

‘గాలిబ్ ఏమంత గొప్పవాడు కాదు, ఒప్పుకున్నాను. ఊరికే చేతికొస్తే చెడిందేముంది?’ ఇక్కడ అది ‘ఏముంది’.

మాట మారలేదు. ఏమైంది, ఏమిటి, అంటే ఏమిటో, ఏముంది అని నాలుగు పనులు చేసింది. అనువాదం చప్పగా ఉండటానికి అసలు కారణం ఇదే: తెలుగులోకి రాగానే ఒక్క రదీఫ్ నాలుగు ముక్కలైపోతుంది. అందుకే తెలుగు వాక్యాన్ని ఊతకర్రగా వాడి పక్కన పెట్టేయాలి, వినేటప్పుడు చేతిలో ఉండకూడదు. నోటుబుక్కులో ప్రతి షేర్ పక్కన రదీఫ్ అక్కడ ఏ పని చేసిందో ఒక్క తెలుగు మాటలో రాసుకోండి. పేజీ నిండేసరికి గజల్ చేతికొస్తుంది.

ఒక చిక్కు ముందే చెప్పుకోవాలి. ఈ గజల్లో ‘దవా’ ఉంది, ‘దువా’ కూడా ఉంది, రెండూ కాఫియాలే. దవా మందు, దువా ప్రార్థన. ఆ దువా ఉన్న షేర్లోనే మరో ఉచ్చు:

జాన్ తుమ్ పర్ నిసార్ కర్తా హూఁ
మైఁ నహీఁ జాన్తా దువా క్యా హై

మొదటి ‘జాన్’ ప్రాణం. రెండో పాదంలోని ‘జాన్తా’ తెలియడం. చుట్టరికమేమీ లేదు, శబ్దం ఒకటే. ‘నీ మీద ప్రాణం ధారపోస్తాను, ప్రార్థన అంటే ఏమిటో నాకు తెలియదు.’ తెలిసి విన్నాక ఈ రెండు ‘జాన్’లు ఒకదానికొకటి బదులు పలుకుతాయి.

8. ఆరో విడత: తాళం

గజళ్లలో ఎక్కువగా వినపడేవి మూడు: కహర్వా (8 మాత్రలు), దాద్రా (6), రూపక్ (7).

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు ఇక్కడ పేరు చూసి పడతారు. మన రూపకం 2+4, మొత్తం 6. హిందుస్తానీ రూపక్ 3+2+2, మొత్తం 7. చేతి లెక్కకు అది మన తిశ్రజాతి త్రిపుటకు సరిపోతుంది. ఒక తేడా ఉంది: రూపక్‌లో మొదటి దెబ్బే ఖాళీ, కాబట్టి ఎత్తుగడ దగ్గర తబలా బరువుగా మోగదు. బరువు నాలుగో మాత్ర మీద పడుతుంది.

ఏ తాళమో తేల్చడానికి రదీఫ్ పడ్డ చోటి నుంచి మళ్లీ అదే చోటికి తొడ మీద లెక్కపెట్టండి. ఒక షేర్ ముగిసి తబలా ఒక్కసారిగా దుడుకుగా పరుగెత్తితే దాన్ని లగ్గీ అంటారు. తాళం మారిందని కంగారుపడొద్దు, ఆవర్తం అదే.

9. ఏడో విడత: రెండో గొంతు

ఇప్పుడు రెండో గాయకుడి రూపం పెట్టండి. పాఠంలో ఎన్ని షేర్లున్నా పాడేవాళ్లు సాధారణంగా నాలుగైదే ఎంచుకుంటారు.

☐ ఏ షేర్లు పాడారో పాఠం మీద టిక్కు పెట్టండి
☐ ఏ మాట మీద ఎక్కువసేపు ఆగారో చుట్టండి
☐ రదీఫ్‌ను ప్రశ్నలా పైకెత్తారా, నిట్టూర్పులా దించారా రాయండి
☐ వదిలేసిన షేర్లను ఆ బాణీలో మీరే చదవండి

చివరిది సరదా కోసం చెప్పింది కాదు. నడక ఒకటే కాబట్టి పాడని షేర్ కూడా ఆ బాణీలో కూర్చుంటుంది. కూర్చోకపోతే ఎక్కడో లఘువు తప్పింది, ఆరో అంశానికి వెనక్కి వెళ్లండి.

10. మామూలుగా జరిగే తప్పులు

షేర్లన్నీ కలిపి కథ అల్లడం. ప్రతి షేర్ దేనికదే. రెండో షేర్లోని బాధకు మూడో షేర్లో కారణం వెతకొద్దు. తెలుగు పాటల పల్లవి-చరణాల అలవాటు వల్ల ఇది అందరికీ జరుగుతుంది. నోటుబుక్కులో షేర్‌కు ఒక పేజీ ఇస్తే అలవాటు తప్పుతుంది.

‘పాడేది ఆమె కదా, అతన్ని అంటోంది’ అనుకోవడం. ఉర్దూ గజల్ సంప్రదాయంలో ప్రియతముల గురించి వ్యాకరణం పుంలింగంలోనే నడుస్తుంది. ‘వో’ అంటే అతడు, ఆమె, అది, వాళ్లు కూడా. తెలుగులో ‘తను’ అని రాసుకుంటే గొడవ ఉండదు.

వారానికి ఇరవై గజళ్లు వినడం. ఒక్కటీ నిలవదు. మొదటి మూడు నెలలకు మూడు గజళ్లు చాలు.

రోమన్ లిపి చూసి పాడటం. అందులో దీర్ఘాలు సరిగా తెలియవు, నడక కుంటుతుంది. దేవనాగరి చదవగలిగితే అది చూడండి, లేకపోతే సొంత తెలుగు రాతే మేలు.

11. తర్వాతి గజల్, మొదటి ముషాయిరా

రెండో గజల్‌కు రదీఫ్ కాస్త పొడుగ్గా, మూడు నాలుగు మాటలున్నది తీసుకోండి. హైదరాబాదు వైపు నుంచి రావాలనుకుంటే మఖ్దూమ్ మొహియుద్దీన్ (1908–1969) దగ్గరికి వెళ్లొచ్చు. మహ్ లఖా బాయి చందా (1768–1824) దివాన్ (గజళ్ల సంపుటి) ఆకర్షణీయమే గానీ ఫారసీ సమాసాలు మూడో గజల్ దాకా ఆగమంటాయి.

ముషాయిరాకు, అంటే కవులు తమ కవిత్వం చదివే సభకు వెళ్తే ముందు వరసలో కాకుండా మూడో నాలుగో వరసలో, పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. కవి మొదటి మిస్రా చదవగానే వాళ్లు దాన్ని తిరిగి పలుకుతారు. దాన్ని మిస్రా ఎత్తడం అంటారు, మీరూ గొంతు కలపొచ్చు, మాటలు చెవిలో స్థిరపడతాయి. రెండో మిస్రాలో కాఫియా పడి, రదీఫ్ ఇంకా నోట్లో ఉండగానే ‘వాహ్’ లేస్తుంది. మళ్లీ వినాలనిపిస్తే ‘ముకర్రర్’ అనండి, కవి ఆ షేర్‌ను మొదటి నుంచి మళ్లీ చదువుతాడు.